'కొన్న' అనే ఒక్క ముక్కకి ఇంగ్లీష్‌లో ఐదు దారులు: ప్రొనౌన్లు, రిలేటివ్ క్లాజుల కథ

తిరుపతిలో బ్యాంక్ కోచింగ్ క్లాసైనా, చిత్తూర్లో టెన్త్ ట్యూషనైనా, రిలేటివ్ క్లాజ్ (ఒక నామవాచకం ఏదో, ఎలాంటిదో చెప్పే చిన్న వాక్యం) అనగానే బోర్డు మీద ముందు పడే లైను ఒకటే: మనుషులకి హూ, వస్తువులకి విచ్, రెండిటికీ దట్. పిల్లలు రాసుకుంటారు, ఖాళీలు నింపేస్తారు, మార్కులు కూడా వచ్చేస్తాయి. తీరా ఇంటర్వ్యూలో నోరు తెరవాల్సి వచ్చినప్పుడో, శ్రీసిటీ పారిశ్రామికవాడలో ఏదో కంపెనీకి మెయిల్ కొట్టాల్సి వచ్చినప్పుడో 'ద మ్యాన్ హూ ఐ మెట్ హిమ్ ఎస్టర్‌డే' అని వచ్చేస్తుంది. మనిషికి హూ వేశారు, రూల్ పాటించారు, అయినా వాక్యం తప్పు. బోర్డు మీది లైనులో అబద్ధమేం లేదు, కాకపోతే అది చివర్లో చెప్పాల్సిన ముక్క. దానికి ముందు తెలియాల్సింది ఒకటుంది, దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు.

అదేంటో చూడాలంటే తిరుమల లడ్డూనే తీసుకుందాం. 'నేను కొన్న లడ్డూ' అంటాం. 'లడ్డూ కొన్న ఆయప్ప' (చిత్తూరు వైపు 'ఆయన'ని అలాగే అంటారు) అంటాం. 'లడ్డూ కొన్న కౌంటరు', 'లడ్డూ కొన్న డబ్బులు', 'లడ్డూ కొన్న రోజు', ఇవన్నీ కూడా అంటాం. ఐదు చోట్లా 'కొన్న' ఒకటే, అక్షరం మారలేదు. కానీ మొదటిదాంట్లో లడ్డూ కొనబడిన వస్తువు, రెండోదాంట్లో ఆయప్ప కొన్నవాడు, కౌంటరేమో కొన్న చోటు, డబ్బులేమో దేనితో కొన్నామో అది, రోజేమో ఎప్పుడు కొన్నామో అది. ఐదు వేర్వేరు సంబంధాలు, ఐదింటికీ ఒకే క్రియాజన్య విశేషణం. ఏ సంబంధమో ఆ మాటలో ఎక్కడా రాసి ఉండదు, వినేవాడే తెలుసుకుంటాడు, ఎందుకంటే కౌంటరు లడ్డూ కొనదు, డబ్బుల్ని లడ్డూ కొనదు, ఆ మాత్రం లోకజ్ఞానం అందరికీ ఉంటుంది కాబట్టి గొడవ లేదు.

ఇంగ్లీష్ ఆ లోకజ్ఞానాన్ని నమ్ముకోదు. 'ద లడ్డూ దట్ ఐ బాట్', 'ద మ్యాన్ హూ బాట్ ద లడ్డూ', 'ద కౌంటర్ వేర్ ఐ బాట్ ద లడ్డూ', 'ద మనీ ఐ బాట్ ద లడ్డూ విత్', 'ద డే ఐ బాట్ ద లడ్డూ'. ఐదూ ఐదు రకాలుగా ఉన్నాయి చూడండి, ఒక చోట దట్, ఒక చోట హూ, ఒక చోట వేర్, ఒక చోట చివర్లో విత్ వేలాడుతోంది, ఇంకో చోట మధ్యలో ఏమీ లేదు. 'నేను కౌంటర్లో లడ్డూ కొన్నాను' అనే మామూలు వాక్యంలోంచి 'కౌంటర్'ని బయటికి లాగి మిగతా వాక్యాన్ని దాని ముందు విశేషణంగా పెడితే తెలుగులో ఆ 'లో' రాలిపోతుంది. 'డబ్బులతో కొన్నాను'లో 'తో' కూడా అంతే, రాలిపోతుంది. ఇంగ్లీష్‌లో మాత్రం ఆ 'ఇన్', ఆ 'విత్', ఆ 'టు' ఊరికే రాలవు, ఎక్కడో ఒక చోట కనబడాలి, లేదా 'వేర్' లాంటి మాట వాటి పని చేయాలి; 'డే' లాంటి కాలం మాటలకి మాత్రం కాస్త సడలింపు ఉంది. 'మేం దిగిన లాడ్జి' అన్నప్పుడు తెలుగులో 'లో' అడ్రస్ లేదు కాబట్టి 'ద లాడ్జ్ విచ్ వి స్టేడ్' అని వచ్చేస్తుంది, రావాల్సింది 'ద లాడ్జ్ వి స్టేడ్ ఇన్' లేదా 'ద లాడ్జ్ వేర్ వి స్టేడ్'. 'నేను మాట్లాడిన క్లర్కు' కూడా ఇదే కేసు, 'ద క్లర్క్ ఐ స్పోక్' అని ఆపేస్తే చాలదు, 'టు' ఉండాలి. హూనా విచ్చా అని తల బద్దలు కొట్టుకునే టైములో ఈ చిన్న ముక్క జారిపోతుంది, ఇంటర్వ్యూల్లో ఎక్కువగా దొరికిపోయేది కూడా ఇక్కడే.

కాబట్టి ముందు చేయాల్సిన పని ఖాళీ వెతకడం. క్లాజులో ఉన్నదాన్ని విడిగా పూర్తి వాక్యంలా చెప్పుకుంటే ఎక్కడ ఏం లోపించిందో తెలిసిపోతుంది. 'ఐ మెట్ హిమ్ ఎస్టర్‌డే' పూర్తి వాక్యం. దీన్ని 'ద మ్యాన్'కి తగిలించాలంటే ఆ 'హిమ్' తన సీట్లోంచి లేచి ముందుకొచ్చి హూ వేషం కట్టాలి. ఘాట్ బస్సులో వెనక సీట్లోంచి లేచి ముందు సీటుకి పోయినోడు వెనక కూడా కూర్చుని ఉండలేడు కదా, అట్లాగే హిమ్ అక్కడా ఇక్కడా ఉండటానికి లేదు. 'హూ ఐ మెట్ హిమ్' అంటే ఒకే మనిషికి రెండు సీట్లు.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఈ తప్పు తెలుగు వల్ల వచ్చిందని చాలామంది అంటారు, ఆ మాట సరిగ్గా అతకదు. తెలుగులో 'నేను నిన్న కలిసిన మనిషి' అన్నప్పుడు లోపల 'ఆయన్ని' అని పెట్టం, తెలుగు కూడా ఆ సీటు ఖాళీగానే వదిలేస్తుంది. మరి హిమ్ ఎక్కడినుంచి వస్తోంది? ఎక్కువగా క్లాసులో చేయించే 'రెండు వాక్యాల్ని కలపండి' ఎక్సర్‌సైజు నుంచి. 'ద మ్యాన్ ఈజ్ ఎ డాక్టర్, ఐ మెట్ హిమ్ ఎస్టర్‌డే' అని రెండు ముక్కలిస్తారు, పిల్లాడు మధ్యలో హూ అతికించి రెండో ముక్కని ఉన్నదున్నట్టు దించేస్తాడు. హూ అంటే అతికించే జిగురు అనే అభిప్రాయం పడిపోయాక హిమ్‌ని తీసేయాలన్న ఆలోచనే రాదు. హూ జిగురు కాదు, అది కూడా ప్రొనౌనే, హిమ్ చేసే పనే ముందు నిలబడి చేస్తోంది అని మొదట్లోనే చెప్పేస్తే సగం గొడవ తీరుతుంది.

ఆ మాట తెలిస్తే హూ, దట్ ఎప్పుడు వదిలేయొచ్చో కూడా తేలిగ్గా తెలుస్తుంది. హూ, దట్ తర్వాత వెంటనే క్రియ వస్తే అది సబ్జెక్ట్, దాన్ని ముట్టుకోకూడదు. తర్వాత ఇంకో మనిషో వస్తువో వస్తే అది ఆబ్జెక్ట్, కావాలంటే తీసేయొచ్చు. 'ద డ్రైవర్ హూ బ్రాట్ అస్ ఈజ్ ఫ్రమ్ పలమనేర్' లో హూ తర్వాత 'బ్రాట్' ఉంది, హూ పీకేస్తే వినేవాడు 'ద డ్రైవర్ బ్రాట్ అస్' దగ్గరే వాక్యం అయిపోయిందనుకుంటాడు, ఆ తర్వాత 'ఈజ్' రాగానే వాడికి దారి తప్పుతుంది. 'ద డ్రైవర్ వి హైర్డ్ ఈజ్ ఫ్రమ్ పలమనేర్' లో ఆ ఇబ్బంది లేదు, 'డ్రైవర్', 'వి' పక్కపక్కన పడగానే కొత్త క్లాజ్ మొదలైందని చెవికి తెలిసిపోతుంది. రూల్ వెనక ఉన్న కారణం ఇంతే.

వాక్యం చివర్లో 'విత్', 'టు', 'ఇన్' లాంటివి వేలాడకూడదు అని కూడా కొందరు మాస్టార్లు గట్టిగా చెబుతుంటారు. అది పాత పట్టింపు. 1672లో డ్రైడెన్ అనే ఇంగ్లీష్ కవి తనకన్నా ముందు తరం రచయితల్లో ఈ అలవాటుని తప్పుపట్టాడు, ఆ తర్వాత లాటిన్ వ్యాకరణం మీద మోజున్నవాళ్ళు దాన్ని మోసుకుంటూ వచ్చారు. మాట్లాడేవాళ్ళు అప్పుడూ మానలేదు, ఇప్పుడూ మానలేదు. 'ద క్లర్క్ టు హూమ్ ఐ స్పోక్' అనేది కోర్టు కాగితాలకి బాగుంటుంది, లాడ్జి రిసెప్షన్లో 'ద క్లర్క్ ఐ స్పోక్ టు' అంటే చాలు. హూమ్ కూడా మాటల్లోంచి దాదాపు జారిపోయింది, 'టు' లాంటి ప్రిపొజిషన్ ముందుకొచ్చి నిలబడ్డప్పుడు మాత్రం దాన్ని తప్పించడం కుదరదు, 'టు హూ ఐ స్పోక్' అనరు.

ఇక మామూలు ప్రొనౌన్ల సంగతి. తెలుగులో ప్రొనౌన్ పని సగం క్రియే చేసేస్తుంది. 'వచ్చినాడు' అంటే చాలు, మగమనిషి, ఒక్కడే, పెద్దగా మన్నన లేదు, అన్నీ ఆ ఒక్క మాటలో ఉన్నాయి. అందుకే 'ఎప్పుడొచ్చినావు, తిన్నావా' అని ఎవరి పేరూ, ఏ నువ్వూ లేకుండా పేజీలకి పేజీలు మాట్లాడుకోవచ్చు. ఇంగ్లీష్‌లో 'కేమ్' అనే మాటకి మగ ఆడ ఏకవచనం బహువచనం ఏమీ తెలీదు, కాబట్టి ముందు హి, షి, దే ఏదో ఒకటి నిలబెట్టాల్సిందే. చెప్పడానికి ఎవరూ లేకపోయినా సరే నిలబెట్టాలి, 'ఇట్ ఈజ్ రెయినింగ్' లో ఆ ఇట్ ఎవరంటే ఎవరూ కాదు, ఖాళీ కుర్చీలో కూర్చోబెట్టిన బొమ్మ. తెలుగులో వాన పడుతుంది, ఉక్కపోస్తుంది, తెల్లారుతుంది, వీటికి 'అది' పెట్టే అలవాటు లేదు కాబట్టి 'ఈజ్ రెయినింగ్ ఔట్‌సైడ్' అని మొండిగా వచ్చేస్తుంటుంది.

'వచ్చింది' సంగతి ఇంకో రకం. ఆయమ్మ వచ్చింది, ఆవు వచ్చింది, సప్తగిరి ఎక్స్‌ప్రెస్ వచ్చింది, ముగ్గురికీ ఒకే తోక. ఇంగ్లీష్‌లో ఆయమ్మకి షి, రైలుకి ఇట్. ఆవు మనింటిదైతే షి, ఎవరిదో అయితే ఇట్ అన్నా ఎవరూ తప్పు పట్టరు. చిత్తూరు వైపు ఆయప్ప, ఆయమ్మ, వాడు, ఆయన, వాళ్ళు అని మనిషి వయసుని బట్టి, చుట్టరికాన్ని బట్టి, కోపాన్ని బట్టి మాట మారుతుంది. ఇన్ని మెట్లూ ఇంగ్లీష్‌లో హి, షి దగ్గరే ఆగిపోతాయి, అందుకే ఊర్లో పెద్దాయన గురించి ఇంగ్లీష్‌లో చెప్పాల్సి వస్తే హి అనడానికి నోరు రాక 'సార్ ఈజ్ సేయింగ్, సార్ ఈజ్ గోయింగ్' అంటూ ప్రతి వాక్యంలో సార్‌ని లాక్కొస్తుంటారు. గ్రామర్ ప్రకారం తప్పు లేదు గానీ వినేవాడికి అంతమంది సార్లు ఎందుకొచ్చారో అర్థం కాదు.

యూ కథ మాత్రం మనకి బాగా తెలిసిన కథే. ఇంగ్లీష్‌లో ఒకప్పుడు దౌ అంటే నువ్వు, యూ అంటే మీరు. మర్యాద కోసం ఒక్కరిని కూడా యూ అనడం మొదలై, పోను పోను అందరినీ యూ అనేసి, 18వ శతాబ్దం వచ్చేసరికి మామూలు మాటల్లోంచి దౌ దాదాపు పోయింది. అంటే ఇప్పుడు వాడేదంతా మీరే, నువ్వు పోయింది. ఎదురుగా ఒక్కడే ఉన్నా 'యూ ఆర్' అని బహువచన క్రియ పెట్టడం దాని గుర్తే. దౌ ఎక్కువగా మిగిలింది దేవుడి దగ్గర, పాత ప్రార్థనల్లో. ఇది విని తిరుపతివాళ్ళు ఆశ్చర్యపోనక్కర్లేదు, కలెక్టర్‌ని మీరు అనేవాళ్ళు కూడా అలిపిరి మెట్ల దగ్గరికొచ్చేసరికి 'నువ్వే దిక్కు స్వామీ' అనే కదా అంటారు.

మనం, మేము అనే తేడా ఇంగ్లీష్‌కి లేదు, 'వి ఆర్ గోయింగ్ టు కాణిపాకం' అంటే పిలుస్తున్నారో, వెళ్తున్నామని చెప్తున్నారో అడిగి తెలుసుకోవాల్సిందే. దే విషయంలో మాత్రం తెలుగువాళ్ళకి ఒక లాభం ఉంది. ఒక్క మనిషికి దే వాడొచ్చా అని ఇంగ్లీష్ వాళ్ళు చాలా ఏళ్ళు కొట్టుకున్నారు, నిజానికి ఆ వాడుక 14వ శతాబ్దం నుంచీ ఉంది, 2019లో మెరియమ్ వెబ్‌స్టర్ డిక్షనరీ వాళ్ళు దే ని ఆ సంవత్సరపు మాటగా ప్రకటించారు కూడా. 'సమ్‌వన్ హాజ్ లెఫ్ట్ దేర్ ఫోన్' అనేది చూసి మనవాళ్ళు 'హిజ్ ఆర్ హర్' అని దిద్దుతుంటారు, కానీ తెలుగులో రోజూ అనేది 'ఎవరో వాళ్ళ ఫోన్ మర్చిపోయారు' అనే కదా. ఆ 'వాళ్ళ' ఎంత సహజమో ఆ 'దేర్' కూడా అంతే సహజం.

ఇంగ్లీష్ నిజంగా చేతులెత్తేసే చోటు 'హిజ్'. 'రమేష్ టోల్డ్ సురేష్ దట్ హిజ్ బైక్ వాజ్ స్టోలెన్', ఎవరి బండి పోయింది? చెప్పలేం. తెలుగులో 'తన బండి పోయిందని' అంటే రమేష్‌ది, 'నీ బండి పోయిందన్నాడు' అంటే సురేష్‌ది, 'తను' అనే మాటా, ఎదుటివాడి మాటని ఉన్నదున్నట్టు అప్పజెప్పే అలవాటూ కలిసి గందరగోళం లేకుండా చేస్తాయి. ఇంగ్లీష్‌లో రాసేటప్పుడు ఇలాంటి చోట ప్రొనౌన్‌కి పట్టుబట్టకుండా పేరు మళ్ళీ రాసేయడం మేలు, 'రమేష్ టోల్డ్ సురేష్ దట్ సురేష్‌స్ బైక్' అనేది కాస్త మొరటుగా ఉన్నా పోలీస్ స్టేషన్లో కంప్లయింట్‌కి అదే పనికొస్తుంది.

మళ్ళీ హూ, విచ్ దగ్గరికొస్తే, మనుషులకి హూ అనే రూల్ కూడా ఎప్పటినుంచో ఉన్నది కాదు. 1611 నాటి ఇంగ్లీష్ బైబిల్లో పరలోకంలో ఉన్న తండ్రి అనే చోట 'అవర్ ఫాదర్ విచ్ ఆర్ట్ ఇన్ హెవెన్' అనే ఉంది. అప్పటికి మనుషులకి, దేవుడికి కూడా విచ్ వాడేవాళ్ళు, తర్వాత్తర్వాత అది వస్తువులకి పరిమితమైంది. హూజ్‌కి మాత్రం ఈ పట్టింపు లేదు, 'ద టెంపుల్ హూజ్ గోపురమ్ యూ సీ' అని గుడికి నిశ్చింతగా వాడొచ్చు, వస్తువులకి హూజ్ తప్పని చెప్పేవాళ్ళ మాట వినక్కర్లేదు.

అన్నిటికన్నా పెద్ద తేడా వరసలో ఉంది. తెలుగులో విశేషణంగా మారిన వాక్యం ఎంత పొడుగైనా అంతా నామవాచకం ముందే వస్తుంది. 'నిన్న పొద్దున శ్రీవారి మెట్టు ఎక్కి దర్శనం చేసుకుని రాత్రికి దిగొచ్చిన మా బాబాయి' అన్నప్పుడు ఎవరి గురించో చివరిదాకా తెలీదు. ఇంగ్లీష్‌లో ముందు బాబాయి, ఆ తర్వాతే ఆయన ఘనకార్యాలు. తమిళం కూడా మనలాంటిదే, నగరి, సత్యవేడు వైపు తమిళం వచ్చినవాళ్ళకి 'నేత్తు వాంగిన పుస్తకం' అన్నా 'నిన్న కొన్న పుస్తకం' అన్నా మాటకి మాట సరిపోతుంది. ఇంకా తమాషా ఏంటంటే జపనీస్‌లో 'కినో కత్త హోన్' అంటారు, అది కూడా వరసగా నిన్న, కొన్న, పుస్తకం. కొరియన్‌లోనూ ఇదే వరస. శ్రీసిటీలో జపాన్, కొరియా కంపెనీలున్నాయి కాబట్టి అక్కడ ఇంగ్లీష్ మెయిల్ రాసేటప్పుడు ఇటు తెలుగు ఇంజనీరూ, అటు జపాన్ మేనేజరూ ఇద్దరూ తలకిందులు చేసుకోవాల్సింది ఒకే వరసని.

ఆ తలకిందులు చేయడంలో జరిగే పొరపాటు ఒకటి నవ్వొచ్చేలా ఉంటుంది. 'ఐ గేవ్ ద లడ్డూ టు అవర్ నైబర్ విచ్ ఐ బాట్ ఇన్ తిరుమల'. చెప్పదలుచుకుంది లడ్డూ తిరుమలలో కొన్నానని, వినబడేది పక్కింటాయన్ని తిరుమలలో కొనుక్కొచ్చానని. విచ్ క్లాజ్ సాధారణంగా తన ముందున్న నామవాచకాన్ని పట్టుకుంటుంది, కాబట్టి 'ద లడ్డూ ఐ బాట్ ఇన్ తిరుమల' అని పక్కపక్కనే పెట్టేసి తర్వాత పక్కింటాయన దగ్గరికి పోవాలి. ఒక్కోసారి విచ్ ముందున్న వాక్యం మొత్తాన్ని పట్టుకుంటుంది, 'ద బస్ బ్రోక్ డౌన్ నియర్ చంద్రగిరి, విచ్ మేడ్ అస్ లేట్' లో లేట్ చేసింది చంద్రగిరి కాదు, బస్సు ఆగిపోవడం. అక్కడ కామా తప్పనిసరి.

బ్యాంక్ పరీక్షల ఎర్రర్ స్పాటింగ్‌లో తరచూ కనిపించే ఇంకో వాక్యం 'హి ఈజ్ వన్ ఆఫ్ ద డ్రైవర్స్ హూ నో ద ఘాట్ రోడ్'. నోస్ అని దిద్దాలనిపిస్తుంది, ఎందుకంటే చెవిలో హి మోగుతుంటుంది. కానీ ఇక్కడ హూ పట్టుకున్నది డ్రైవర్లని, ఘాట్ రోడ్డు తెలిసిన డ్రైవర్లు చాలామంది, వాళ్ళలో ఇతనొకడు, కాబట్టి 'నో'. అదే 'ద ఓన్లీ వన్ ఆఫ్ ద డ్రైవర్స్ హూ నోస్' అంటే తెలిసినవాడు ఒక్కడే, అక్కడ నోస్. హూకి సొంతంగా ఏకవచనం బహువచనం లేవు, ఎవరి తరఫున నిలబడిందో వాళ్ళ లెక్కే దాని లెక్క. మాటల్లో ఇంగ్లీష్ వాళ్ళు కూడా మొదటిదాంట్లో నోస్ అనేస్తుంటారు, పరీక్షలో మాత్రం ఆ చనువు తీసుకోకపోవడమే మంచిది.

మిగిలింది కామా. దీన్ని చాలామంది అలంకారం అనుకుంటారు. 'చిత్తూర్లో ఉండే మా అన్న' అంటే తెలుగులో అన్నలు ఒక్కరా ముగ్గురా తెలీదు, 'ఉండే' రెండిటికీ సరిపోతుంది. ఇంగ్లీష్‌లో 'మై బ్రదర్ హూ లివ్స్ ఇన్ చిత్తూర్' అని కామా లేకుండా రాస్తే వేరే ఊళ్ళో ఇంకో అన్న కూడా ఉన్నట్టు, ఈ క్లాజు ఏ అన్నో తేల్చడానికి వచ్చినట్టు. రెండు పక్కలా కామాలు పెడితే ఉన్నది ఒక్క అన్నే, చిత్తూరు అనేది అదనపు సమాచారం. కామాలు పెట్టినప్పుడు దట్ వాడరు, హూని వదిలేయడం కూడా కుదరదు. కామా లేనప్పుడు వస్తువులకి దట్టే వాడాలని అమెరికా వాళ్ళ స్టైల్ పుస్తకాలు పట్టుబడతాయి, బ్రిటన్ వాళ్ళు విచ్ కూడా కానిచ్చేస్తారు. మాట్లాడేటప్పుడు కామాకి బదులు చిన్న విరామం, కాస్త గొంతు దించడం ఉంటాయి, రాతలో ఆ గొంతు లేదు కాబట్టి భారమంతా ఆ చిన్న గుర్తు మీదే. లాడ్జి గోడ మీద 'గెస్ట్స్, హూ హావ్ నాట్ పెయిడ్, మస్ట్ వెకేట్ బై 9' అని బోర్డు పెడితే, దిగినవాళ్ళెవరూ డబ్బు కట్టలేదనీ, అందరూ 9కల్లా ఖాళీ చేయాలనీ అర్థం. ఆ రెండు కామాలూ చెరిపేస్తే కట్టినవాళ్ళు పడుకోవచ్చు, బాకీ ఉన్నోళ్ళు సర్దుకుంటే సరిపోతుంది.